కొంగు అట్టల్లో గడ్డి చామంతి

రిజల్టు వచ్చి నాలుగు రోజులైంది. పాసైనా. ఫస్టు క్లాసులో పాసైనా. ఈ మాట ఇప్పటికి ఎంతమందికి చెప్పింటానో నాకే తెలీదు. పాలాయనకు చెప్పినా. కరెంటు మీటరు చూసేదానికి వచ్చినాయనకు చెప్పినా. రాంగ్ నంబరుకు ఫోన్ చేసిన ఒకామెకు గూడా చెప్పినా. ఆమె "సంతోషం తల్లీ, అయితే ఇది బళ్ళారి కాదా?" అని పెట్టేసింది.

మా ఇంట్లో నాకంటే ముందు డిగ్రీ చదివినోళ్లు లేరు. నాయన ఏడో తరగతి. అమ్మ ఐదు. అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, బడిలోకే పోలేదు. ధర్మవరంలో మాది మగ్గం ఇల్లు. ముందు రూములో మగ్గం, దాని పక్కన సందులో మేము. నేను హిందూపురంలో హాస్టల్లో ఉండి బీయస్సీ చదివినా, బాటనీ తీసుకొని. ఆఖరి ఏడాది సగంలో కరోనా వచ్చింది.

"ఆ గోలలో ఎట్ల చదివినావు పాపా?" అని అందరూ అడుగుతాండారు. అడిగినోళ్లకు చెప్పాలంటే మా తలుపు వెనక మేకు కాడి నుంచి మొదలుపెట్టాల.

ఎండలు ముదురుతాండగా హాస్టలు మూసేసినారు. "రెండు వారాలే, మల్ల వచ్చేయండి" అన్నారు. రెండు జతల బట్టలు, ఒక బుక్కు సంచిలో వేసుకొని రైలెక్కినా. పెనుకొండ దాటినాక బోగీలో ఒకాయన దగ్గినాడు. అంతమందిమీ ఒక్కసారి కిటికీల పక్కకు తిరిగినాం. ఆయన కండ్లలో నీళ్లు పెట్టుకొని, "చెనిక్కాయ పొట్టప్పా! గొంతులో పొట్టు పడింది!" అని పొట్టు అరచేతిలో పెట్టి ఒక్కొక్కరికీ చూపించినాడు. ధర్మవరం వచ్చేదాకా ఎవురూ ఆయన పక్కన కూర్చోలేదు.

ఇంటికి వస్తే అమ్మ గడప కాడనే ఆపింది. బకెట్లో నీళ్లు, సబ్బు బిళ్ల, ఒక పాత చెంబు ఆడనే పెట్టి ఉండాయి.

"సంచి ఆడ పెట్టు. కాళ్లు కడుక్కో. దేన్నీ ముట్టుకోకుండా నేరుగా బచ్చలింట్లోకి పో."

"అమ్మా, నేను నీ కూతుర్ని."

"కూతురే. నీళ్లు కాగి ఉండాయి, పో."

నేను నీళ్లు పోసుకొని వచ్చేతలికి అమ్మ ఇల్లంతా మార్చేసి ఉండాది. ఆ మార్పుల్లో ఒకటి నేను చూడలేదు. అదే తర్వాత మా కొంప మీదికి వచ్చింది.

మా వాకిలి తలుపు వెనక ఒక పెద్ద మేకు ఉండాది. ఎప్పుడూ దానికి నాయన కొంగు అట్టలు వేలాడతా ఉంటాయి. పట్టుచీర నేసే ఇండ్లలో అట్టలంటే పసిబిడ్డకు గూడా తెలుసు, తెలియనోళ్లకు చెప్తా. మగ్గం పైన జాకార్డు అని ఒక పెట్టె ఉంటాది. బొక్కలు కొట్టిన అట్టలు ఒకదాని వెనక ఒకటి దారంతో కుట్టి, మాల మాదిరి ఆ పెట్టె మీద వేస్తారు. ఏ అట్టకు యాడ బొక్క ఉంటే ఆడ పోగు పైకి లేస్తాది. అట్టల వరస ఎట్లుంటే చీర మీద బొమ్మ అట్ల వస్తాది. చీర ఒళ్లంతా ఒక మాలతో నేసి, ఆఖర్లో కొంగు వచ్చినప్పుడు ఆ మాల దించి కొంగు మాల ఎక్కిస్తారు. అంతవరకు కొంగు మాల మేకుకు ఉంటాది.

అమ్మకు ఆ మేకు కావాల్సొచ్చింది. బయటికి పోయొచ్చిన చొక్కా ఇంట్లోకి రాగూడదని ఆమె కట్టిన మొదటి రూలు. నాయన గడప కాడనే చొక్కా ఇప్పి ఆ మేకుకు తగిలించాల, మల్ల బయటికి పోయేటప్పుడు అదే వేసుకోవాల. దానికోసం కొంగు అట్టలు తీసి అటక మీద పెట్టేసింది. అటక మీద ఉండేవంటే మా ఇంట్లో పనికిరాని అట్టలు. ఫ్యాషన్ పోయిన డిజైన్లు. ఆ సంగతి అమ్మకూ తెలుసు. "రెండు వారాలే గదా" అనుకొనింది పాపం.

నాయనకు ఆ చొక్కా రూలు రవ్వంత గూడా నచ్చలేదు. "వీధిలో నిలబడి బనీను మీద ఉండాలనా? జనాలు నవ్వుతారే."

"నవ్వనీ. దగ్గకుండా నవ్వమను."

ఆ పొద్దు నుంచి మా ఇల్లు ఇల్లు మాదిరి లేదు. కూరగాయలు తెస్తే పసుపు, ఉప్పు వేసిన నీళ్లలో మునిగేవి. అవ్వ మంచం మీద నుంచి చూసి, "ఏమే, వంకాయకు తలంటు పోస్తాండావు? సాంబ్రాణి గూడా వెయ్యి" అనేది. అవ్వకు మాస్కు కుట్టాల్సొస్తే ఇంట్లో మిగిలిన పట్టు ముక్కలే ఉండె. మెరూన్ పట్టు, జరీ అంచుది, కుట్టిచ్చినా. అది కట్టుకొని అద్దంలో చూసుకొని, "ఇది కట్టుకొని ఆసుపత్రికి పోతే పెండ్లికి వచ్చినానని అన్నం పెడతారు" అనింది. పొద్దున్నే వాకిట్లో కూర్చొని ఎదురింటి అవ్వతో మాట్లాడేది ఆమెకు అలవాటు. ఇప్పుడు ఈమె మా గడప మీద, ఆమె వాళ్ల గడప మీద, మధ్యన రోడ్డు. ఇద్దరికీ చెవులు తక్కువే. వాళ్ల రహస్యాలన్నీ వీధికంతా తెలిసిపోయినాయి ఆ ఎండాకాలం.

అన్నిటికన్నా పెద్ద మార్పు ఫోను. ఇంట్లో ఉండేది ఒకటే స్మార్టు ఫోను, నాయనది. కాలేజీ వాళ్లు క్లాసులు ఫోన్లో చెప్తామన్నారు. మా సందులో సిగ్నల్ రాదు. ఇల్లంతా ఫోన్ పైకెత్తి పట్టుకొని తిరిగినా. ఆఖరికి సిగ్నల్ వచ్చింది యాడంటే, మగ్గం మీద, జాకార్డు పెట్టె పక్కన. నాయనే దాన్ని పాత పోగులతో ఆడ కట్టినాడు. నేను మగ్గం గుంతలో, నాయన కూర్చునే తావున కాళ్లు కిందికి వదిలి కూర్చొని, తల పైకెత్తుకొని క్లాసు వినేదాన్ని. క్లాసు జరిగినంతసేపు మగ్గం ఆగేది. అందుకని నాయన, అమ్మ పొద్దున ఐదింటికే లేసి నేసేవాళ్లు. పదింటికి నాయన గుంతలోంచి లేసేవాడు, నేను దిగేదాన్ని. ఆపీసులో డ్యూటీ మారినట్టే.

లేసిపోయి ఊరుకోడు గదా. పక్కన కూర్చొని కండెలు సర్దుకుంటా తనూ వినేవాడు. ఒకనాడు బెండకాయ, పత్తి, మందారం అన్నీ ఒకటే కుటుంబం, మాల్వేసీ అని మేడమ్ చెప్పింది. మధ్యాన్నం అన్నం కాడ నాయన గిన్నె మూత తీసి, "ఈ పొద్దు మాల్వేసీ పులుసా?" అన్నాడు. అమ్మకు అర్థం కాలేదు. "బెండకాయ" అనింది. "అదే చెప్తాండా" అన్నాడు నాయన.

అట్ల దినాలు పోతాండగా బాటనీ మేడమ్ ఫోన్ చేసింది.

"హెర్బేరియం ఎంతవరకు వచ్చిందమ్మా?"

హెర్బేరియం అంటే మొక్కలు పీకి, నలగకుండా అణిచి ఎండబెట్టి, పెద్ద పెద్ద షీట్లకు అంటించి, పేరు, కుటుంబం రాసి ఇయ్యాల. ఇరవై మొక్కలు. నేను పదిహేను చేసి పెట్టింటి, హాస్టల్లో మంచం కింద. ఆ హాస్టలును తర్వాత క్వారంటైన్‌కు తీసుకొన్నారు. మా సామాన్లన్నీ ఒక రూములో వేసి తాళం వేసినారు. ఆ ఊర్లోనే ఉండే ఒక స్నేహితురాలు పోయి చూసొచ్చి, "నీ షీట్లు చెదలు తినేసినాయి. గోంగూర ఒక్కటే మిగిలింది, అదీ కాడే" అని చెప్పింది.

మేడమ్‌కు అదే చెప్పినా. 

"రికార్డు లేకుండా ప్రాక్టికల్స్‌కు కూర్చోనియ్యరు తల్లీ. ప్రాక్టికల్స్ పోతే డిగ్రీ పోయినట్టే, ఇంకో ఏడాది ఆగాల. పరీక్షలు ఎప్పుడు పెడతారో తెలీదు, పెట్టినప్పుడు నీ తావ ఇరవై షీట్లు ఉండాల. నేను చేసేది ఏమీ లేదు."

ఇంకో ఏడాదంటే మా ఇంట్లో ఇంకో ఏడాది లేదు. నాయన ఎప్పుడూ ఆ మాట అనలేదు గాని నాకు తెలుసు. మగ్గానికి రెండో మనిషి కావాల. అమ్మకు నడుము నొప్పి. ఈ ఏడాది పాసైతే పాసు. లేకుంటే నేను గుంతలో దిగితే క్లాసు కోసం కాదు.

పొద్దున ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా బయట తిరగనిచ్చేవాళ్లు. నాయన కూరగాయలకు పోతే నేను జతకు పోయేదాన్ని. ఆయన టమేటాలు ఏరేదాంట్లో, నేను రైలు పట్టాల పక్కన మొక్కలు ఏరేదాన్ని. రైళ్లు లేవు. పట్టాల మధ్యన గూడా పల్లేరు పాకింది. తుత్తురుబెండ, ఉమ్మెత్త, తంగేడు, ఉత్తరేణి, గడ్డి చామంతి, జిల్లేడు, నాలుగు దినాల్లో ఇరవై రెండు దొరికినాయి. వేర్లతో సహా పీకాల. ఒకాయన నన్ను చూసి, "కసువు పీకేదానికి పంచాయతీలో ఉద్యోగం వచ్చిందా పాపా?" అన్నాడు. "లేదన్నా, డిగ్రీకి" అన్నా. ఆయన జాలిగా చూసి పోయినాడు.

ఎండబెట్టేదానికి న్యూస్ పేపర్లు కావాల. మొదటి వారమే అమ్మ పేపరు మాన్పించింది, పేపరు మీద వైరస్ ఉంటాదని. ఇంట్లో ఉండే పాత పేపర్లు అలమరల్లో పరిచేసింది. వీధిలో అడిగినోళ్లంతా తామూ పేపరు మాన్పించినామనే చెప్పినారు. పచ్చి మొక్కలు గిన్నెలో నీళ్లు చల్లి పెట్టుకొని, వాడిపోతాండేవి చూస్తా కూర్చున్నా.

అప్పుడు అటక కనపడింది.

అట్టలు! గట్టిగా, నున్నగా, ఒకే సైజువి. మొక్క మధ్యన పెట్టి అణిచితే వంగవు. దానికి తోడు బొక్కలుండాయి, గాలి ఆడతాది, తేమ పోతాది. ఇంత తెలివి నాకు యాడి నుంచి వచ్చిందా అని నా మీద నాకే మురిపెం వచ్చింది. స్టూలు వేసుకొని ఎక్కి, చేతికందిన మాల దించినా. కత్తెరతో దారం పుటుక్కున కోసినా. అంతా విడదీసినా. పెద్ద మొక్కకు నాలుగు అట్టలు పక్కపక్కన, చిన్న మొక్కకు రెండు. కింద అట్ట, మధ్యన మొక్క, పైన అట్ట. దొంతి పెట్టి, పైన రుబ్బురోలు పొత్రం పెట్టినా. ఆ పొద్దు అమ్మా నాయనా రేషను లైన్లో ఉండారు. అవ్వ మిద్దె మీద మిరపకాయలు ఎండబెడతాంది.

ఐదు దినాలు అట్లనే పోయినాయి. మూలన దొంతి చూసినా, పాత అట్టలే అనుకొని ఎవురూ అడగలేదు. దినామూ పైకి కిందికి తిప్పి పెడతాండా, మొక్కలు బాగా ఆరతాండాయి.

ఆరోనాడు జరీ వచ్చింది. మగ్గం మీద ఉండే చీర హిందూపురంలో ఒక అంగడి వాళ్ల ఇంటి పెండ్లికూతురిది. ముందే పడుగు ఎక్కించి సగం నేసింటే, జరీ చాలక ఆ మధ్యనే ఆగిపోయింది. వాళ్ల పెండ్లి రెండుసార్లు వాయిదా పడి, ఇప్పుడు ఇరవై మందితో చేసుకొంటామని ముహూర్తం పెట్టుకొన్నారు. నాయన, అమ్మ విడవకుండా నేసినారు. పదోనాడు సాయంత్రం నాయన గుంతలో నుంచే అడిగినాడు.

"కొంగు అట్టలు యాడ పెట్టినావే?"

"అటక మీద. ముందర్నే ఉండాయి చూడు."

ఆ మాటతోనే నా చేతిలో ఉండే లోటా బండ మీద పెట్టేసినా. నాయన స్టూలెక్కినాడు. ఇటు జరిపినాడు, అటు జరిపినాడు. "లేవే ఈడ." అమ్మ వచ్చి, "నేనే పెట్టినా, తలుపు మేకు నుంచి తీసి. నెమలి కొంగుది" అనింది.

నేను పోయి మూలన పొత్రం ఎత్తినా.

నాయన దిగి వచ్చి చూసినాడు. పై అట్ట తీసినాడు. కింద తుత్తురుబెండ పువ్వు పచ్చగా అణిగి ఉండాది. ఇంకో అట్ట తీసినాడు. గడ్డి చామంతి. అట్టలకు మూలల్లో నంబర్లు ఉంటాయి, గానీ అవి ఎన్నేండ్లవో, నాయన వాళ్ల నాయన కాలం నుంచి చేతులు తగిలి తగిలి సగం చెరిగిపోయినవి. మిగిలిన సగం మీదికి జిల్లేడు పాలు కారింది.

"పాపా," అన్నాడు నాయన. అంతే. అరిచింటే బాగుండె. ఒక పక్క కూర్చొని రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకొన్నాడు.

"కొత్తవి కొట్టించుకొందాం," అనింది అమ్మ.

"కొట్టేవాడు అంగడి మూసుకొని వాళ్లూరికి పోయి రెండు నెలలైంది."

"నేను మొక్కలు తీసేస్తా నాయనా," అన్నా. "మల్ల చూసుకొంటా."

"తీస్తే ఏమైతాది వాటికి?"

"పూర్తిగా ఆరలేదు. బూజు పట్టొచ్చు."

"బూజు పడితే?"

"ప్రాక్టికల్స్ పోతాయి."

 మిరపకాయల గంప పక్కన కూర్చొని ఇదంతా వింటాండె అవ్వ. కొంగుతో చేతులు తుడుచుకొని లేసొచ్చింది.

"ఏమైందిరా ఇప్పుడు? ఎవురన్నా పోయినారా? ఆ నెమలి మాల నేను కుట్టిందే గదా మీ నాయనకు. నాలుగుసార్లు కుట్టినా. దారం తెగినప్పుడల్లా నేనే కుట్టేది. పరచండి కింద."

"నంబర్లు లేవమ్మా."

"నాకు నంబర్లు వస్తాయని ఎవురు చెప్పినారు నీకు?"

ముందు మొక్కల సంగతి చూసినాం. అవ్వ పెట్టెలో నుంచి పాత నూలు చీరలు రెండు తీసిచ్చింది, కట్టీ కట్టీ దూది మాదిరి మెత్తబడినవి. వాటిని చింపి, మడతల మధ్యన మొక్కలు పెట్టి, మల్ల పొత్రం కింద పెట్టినా. బూజు పడతాదో లేదో దేవుడికే తెలుసు.

తర్వాత ముందు రూమంతా అట్టలు పరిచినాం. మంచం మిద్దె మీదికి పోయింది. రెండు దినాలు మాకు నడిచేదానికి తావు లేదు, వంటింట్లో నిలబడే తిన్నాం. అవ్వ మధ్యలో కూర్చొని ఒక్కొక్క అట్ట మీద వేళ్లతో తడిమేది. నెమలి బొమ్మలో ప్రతి గీతా అట్ట అట్టకూ రవ్వంత పక్కకు జరుగుతాదంట. ఈ అట్టలో బొక్క ఈడ ఉంటే, దాని తర్వాత అట్టలో దాని పక్కన ఉండాల.

"ఇది తోక. తోకలో బొక్కలు దండిగా ఉంటాయి. ఇట్ల పెట్టు. ఇది కాలు. ఒంటరిగా ఉంటాయి చూడు రెండు బొక్కలు, కాలు. ఇదేందిది? ఇది నెమలిది కాదు. ఏమ్మే, ఇది జిల్లేడు ఆకు అంటుకొని ఉండాది, పీకు."

నేను, నాయన ఆమె చెప్పినట్టు వరస పెడతాంటిమి. అమ్మ వాటిని కుడతాంది. మధ్యలో ఎదురింటి అవ్వ గడప మీద నుంచి అరిచింది. "ఏమి చేస్తాండారు మీరంతా, పేకాటనా?"

"మా పాప డిగ్రీ పరీక్ష రాస్తాండాం," అని ఈ అవ్వ అరిచింది. "అందరం కూర్చొని!"

మాల ఎక్కించి నాయన నాలుగు వేళ్ల వెడల్పు నేసి చూసినాడు. నెమలి వచ్చింది. ముక్కు మెడ కింద వచ్చింది. నవ్వేదానికి గూడా భయం మాకు. అవ్వ దగ్గరికి వంగి చూసి, "పురుగు ఏరుకొంటాండాది" అనింది. అప్పుడు నాయనే ముందు నవ్వినాడు. ఆ నాలుగు వేళ్లూ పేక విప్పి, మెడ కాడి అట్టలు మార్చి కుట్టి, మల్ల నేసినాడు. ఈసారి ముక్కు ముక్కు తావున వచ్చింది. ఇంకో నాలుగు దినాలకు చీర మగ్గం మీద నుంచి దిగింది.

మొక్కల్లో రెండు నల్లబడినాయి. ఇరవై రెండులో రెండు పోతే ఇరవై. ఆ లెక్క చూసుకొని నేను వంటింట్లోకి పోయి కాసేపు ఊరికే నిలబడినా. షీట్లకు అంటించినప్పుడు గాని ఒకటి గమనించలేదు. ఆకుల మీద, పూల మీద, అట్ట బొక్కల గుర్తులు గుండ్రంగా పడి ఉండాయి. ఒక్కొక్క ఆకు మీద వరసగా చుక్కలు. చెరుపుదామంటే చెరిగేవి కావు.

ఆ వారమే ప్రాక్టికల్స్ తేదీ చెప్పినారు, హిందూపురంలో. బస్సులు లేవు, రైళ్లు లేవు. నాయన అప్పుడే పోయి చీర గూడా ఇచ్చొద్దామన్నాడు. పొద్దున్నే బండి మీద బయలుదేరినాం. ముందర ట్యాంకు మీద చీర పెట్టె, మధ్యన నాయన, వెనక నేను, నా ఒళ్లో గుడ్డలో చుట్టిన షీట్ల కట్ట. చెన్నేకొత్తపల్లి కాడ హైవే ఎక్కితే రోడ్డు మీద మేము, కుక్కలు తప్ప ఎవురూ లేరు.

పెనుకొండ కాడ పోలీసులు ఆపినారు.

"ఏమప్పా, యాడికి?"

"హిందూపురం సార్. పాపకు పరీక్ష." నాయన హాల్ టికెట్ చూపించినాడు.

"ఆ మూటలో ఏముండాది?"

"చెట్లు సార్."

కానిస్టేబులు ఒకసారి నాయనను, ఒకసారి నన్ను చూసినాడు. "విప్పు."

గుడ్డ విప్పినా. పైన ఉండేది ఎండిన ఉమ్మెత్త. ఆయన వెనక్కి తిరిగి, "సార్, ఇటు రండి. ఎండిన ఆకులు దొరికినాయి" అన్నాడు. గంజాయి అనుకొన్నాడని అప్పుడు తట్టింది నాకు. ఎస్సై వచ్చినాడు. మాస్కు మీద కండ్లు మాత్రం కనపడతాండాయి.

"ఏందమ్మా ఇది?"

"దతూరా సార్. సోలనేసీ. వంకాయ, టమేటా కుటుంబమే సార్." నోటికొచ్చింది వచ్చినట్టు చెప్పేస్తాండా. "ఇది ఎబుటిలాన్ ఇండికం, మాల్వేసీ. ఇది ట్రైడాక్స్ ప్రొకంబెన్స్, ఆస్టరేసీ."

"ఇది గడ్డి చామంతి గదా. మేము చిన్నప్పుడు దెబ్బ తగిలితే దీన్ని పిండేవాళ్లం."

"అవును సార్, రక్తం ఆగుతాది."

"మరి దీనికి ఈ చుక్కలేంది? రోగమా?"

"మగ్గం అట్టలు సార్," అని నాయన మధ్యలో వచ్చినాడు. "ధర్మవరం సార్ మాది." అని మొత్తం కథ చెప్పబోయినాడు. ఎస్సై చెయ్యెత్తి ఆపి, "పోండి పోండి, ఆలస్యమైతాది. మాస్కు పైకి పెట్టుకో అప్పా" అన్నాడు.

హిందూపురంలో ముందు పెండ్లివాళ్ల ఇంటికి పోయినాం. గేటు కాడనే నిలబెట్టినారు. "ఊటా అయిందా?" అని అన్నం తిన్నారో లేదో కన్నడంలో మర్యాదగానే అడిగినారు గాని, ఆ ఇంటాయన ఒక చేత్తో శానిటైజరు సీసా పట్టుకొని ఉండాడు. నాయన పెట్టె మూత తీసి కొంగు పరిచినాడో లేదో, ఆయన సీసా ఎత్తినాడు.

"అయ్యో! పట్టు మీద కొట్టొద్దప్పా, మరక పడతాది!" అని నాయన చీరకు అడ్డం పడినాడు. ఆ మందు నాయన మొగం మీద పడింది. చివరికి చీరను మూడు దినాలు ఎవురూ ముట్టుకోకుండా దేవుడి రూములో పెడతామని ఒప్పుకొన్నారు. పెండ్లికూతురు మాత్రం కిటికీలో నుంచి నెమలిని చూసి చెయ్యి ఊపింది.

కాలేజీలో ఒక్కొక్కర్నే పిలిచినారు. వేరే ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఒక పెద్దాయన, టేబుల్ అవతల, మాస్కు మీద ఇంకో మాస్కు కట్టుకొని ఉండాడు. షీట్లు ఆయన ముట్టుకోడు, నేనే తిప్పాల. ఐదు తిప్పినా. ఆరోది గడ్డి చామంతి.

"ఆగు. ఏమిటీ చుక్కలు? ప్రతి షీట్‌లోనూ ఉన్నాయి. ఏదైనా ఇన్‌ఫెక్షనా?"

ఉండేది చెప్పినా. న్యూస్ పేపర్లు దొరకలేదని, అట్టలు వాడినానని, బొక్కల్లో నుంచి గాలి ఆడతాదనుకొన్నానని. ఆయన ముందుకు వంగినాడు.

"ఎన్నిరోజులకు ఆరాయి?"

"పది దినాలు అట్టల్లో, తర్వాత నూలు గుడ్డలో నాలుగు దినాలు సార్. గుడ్డలోకి పోయినాక ఆరినవాటికి రంగు తక్కువ పోయింది."

"రంగు తక్కువ పోయిందా?" అని ఏదో రాసుకొన్నాడు. "తిప్పు." ఇరవై అయ్యేదాకా మల్ల ఏమీ అడగలేదు. ఆఖర్లో, "ఇవి నువ్వే పీకావా?" అన్నాడు. "నేనే సార్. రైలు పట్టాల పక్కన." "ఊఁ. పో అమ్మా."

ఆ "ఊఁ"లో ఏముండాదో నాకు తెలీలేదు. పరీక్షలు గూడా రాసినాక, రిజల్టు వచ్చేదాకా నెలలు దాన్నే తిప్పి తిప్పి చూసుకొన్నా. మంచి ఊఁ నా, చెడ్డ ఊఁ నా అని అవ్వను అడిగితే, "ఎట్లన్నాడో అను" అనింది. అన్నా. "దగ్గు వచ్చింటాది" అనింది.

నాలుగు రోజుల కిందట పొద్దున పదకొండింటికి రిజల్టు వచ్చింది. సైటు తెరుచుకునేదానికి గంట పట్టింది. నాయన నేస్తాండాడు, అమ్మ అంచు పట్టుకొని ఉండాది. నంబరు కొట్టినా. ముందు పేరు వచ్చింది. తర్వాత మార్కులు వచ్చినాయి. బాటనీ ప్రాక్టికల్స్‌లో యాభైకి నలభై ఎనిమిది.

"నాయనా, పాసైనా."

మగ్గం మీద నాడె చప్పుడు ఆగింది. "మల్ల చెప్పు."

"పాసైనా. ఫస్టు క్లాసు."

"డిగ్రీనా?"

"డిగ్రీనే నాయనా."

నాయన గుంతలో నుంచి లేసినాడు. మేకుకు ఉండే చొక్కా వేసుకొన్నాడు, గుండీలు గూడా పెట్టుకోలేదు. మాస్కు కట్టుకొని రోడ్డు దాటి ఎదురింటి గడప కాడ నిలబడి ఏదో అన్నాడు. మాస్కులో నుంచి వాళ్లకు వినపడలేదు. "ఏందీ? పాలా?" అనింది ఎదురింటి అవ్వ. నాయన ఒకసారి మా ఇంటి పక్క చూసి, మాస్కు గడ్డం కిందికి లాగినాడు.

"డిగ్రీ! మా పాప డిగ్రీ పాసైంది!"

"మాస్కూ!" అని అమ్మ గడప మీద నుంచి అరిచింది.

నాయన మాస్కు పైకి పెట్టుకొన్నాడు. పక్కింటికి పోయినాడు. ఆడ మల్ల కిందికి లాగినాడు. "మాస్కూ!" అని అమ్మ మల్ల అరిచింది, గానీ ఈసారి తనూ మాస్కు లేకుండానే గడప దిగి ఉండాది. నాయన ఆ పక్కింటికి పోతాండాడు.